బాప్తిస్మం గ్లాసు

మా చిన్నాన్న పోయాడన్న కబురు నాకు ఆరో తరగతి గదిలో తెలిసింది. నేను కశింకోటలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాను. బోర్డు మీద భిన్నాల కూడిక సగంలో ఉంది. క్లాసులో టీచర్లు సెల్‌ఫోన్ బయటికి తీయకూడదని మా స్కూల్లో గట్టి రూలు, కానీ చిన్నాన్న ఆసుపత్రిలో ఉన్న ఆ పది రోజులూ హెడ్‌మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అమ్మ ఫోన్లో ఎక్కువ మాట్లాడలేదు. "ప్రభువు పిలిచీసుకున్నాడే. నువ్వు బేగి వచ్చీ" అంది.

నాకు ఏడుపు రాలేదు. చేతిలో సుద్దముక్క ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు అలాగే నిలబడ్డాను. షేర్ ఆటోలో అనకాపల్లి చేరేవరకూ నేను ఆలోచించింది, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన గురించి కాదు. నా గురించే. ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటి ఆరేళ్లు నా నోట్లోనే ఉండిపోయింది, చివర్లో చెప్పినా ఆయన విన్నాడో లేదో తెలియదు. ఇక ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి? ఆయన్ని ఎరగని మీకు ఇదంతా చెప్పడం ఎందుకంటే, ఎరిగినవాళ్లకి చెప్పి చూశాను. ఏం జరిగిందో చివర్లో చెబుతాను.

మా చిన్నాన్న అంటే మా నాన్నగారి తమ్ముడు. బెల్లం మార్కెట్ నుంచి స్టేషన్ వైపు వెళ్లే దారిలో ఆయనకి చిన్న కూల్‌డ్రింకుల కొట్టు ఉండేది. రెండు బెంచీలు, ఒక డీప్‌ఫ్రిజ్, ఒక మిక్సీ, వెనక గ్లాసులు కడగడానికి మా పిన్ని. సోడా, బాదంపాలు, రోజ్‌మిల్క్ అన్ని కొట్లలోనూ దొరికేవి. చాక్లెట్ మిల్క్‌షేక్ మాత్రం, నాకు తెలిసి, ఆ వీధిలో మొదట చేసింది ఆయనే. విశాఖపట్నంలో ఎవరి పెళ్లికో వెళ్లి, అక్కడ ఒక హోటల్లో తాగి, ఇంటికి వచ్చి మూడు రోజులు అదే మాట మాట్లాడాడట. నాలుగో రోజు కోకో పొడి డబ్బా కొనుక్కొచ్చాడు.

ఆయన చేసే పద్ధతి వేరు. పంచదార వేసేవాడు కాదు. "బెల్లం ఊళ్లో పుట్టి పంచదార కొనడానికి నాకేటి కర్మ?" అనేవాడు. బెల్లం వేడి పాలల్లో పడితే పాలు విరిగిపోతాయి కదా, మొదట్లో ఆయనకి చాలా పాలు విరిగాయి. ఆ విరిగిన పాలన్నీ మేము కోవాలా చేసుకుని తిన్నాం. చివరికి కిటుకు పట్టాడు. బెల్లం నీళ్లలో కరిగించి, మలినం పోయేలా గుడ్డలో వడకట్టి, ఆ పాకం మరుగుతుండగా కోకో పొడి, రవ్వంత ఉప్పు వేసి కలిపి, పూర్తిగా చల్లార్చేవాడు. చల్లటి దాన్నే చల్లటి పాలల్లో కలిపేవాడు. ఐసు ముక్క వేసేవాడు కాదు, పాలనే స్టీలు గిన్నెల్లో గడ్డ కట్టించి, గుడ్డలో చుట్టి పచ్చడిబండతో పగలగొట్టేవాడు. "ఐసేత్తే నీళ్లు అమ్మినట్టే. పంపు నీళ్లు మున్సిపాలిటీ ఉత్తినే ఇత్తంది" అనేవాడు.

ఎండాకాలం కరెంటు పోతే వేరే కొట్లవాళ్లు విసనకర్ర పట్టుకుని కూర్చునేవారు. మా చిన్నాన్న మూత గట్టిగా పట్టే గాజు సీసా ఒకటి తీసి, అందులో అన్నీ పోసి, తువ్వాలు చుట్టి రెండు చేతులతో ఊపేవాడు. ఎంతసేపు ఊపాలో గడియారం చూసేవాడు కాదు. ఒక కీర్తన ఎత్తుకుని రెండు చరణాలు పాడేవాడు. రెండో చరణం అయ్యేసరికి సీసాలో నురగ మెడదాకా వచ్చేది. కరెంటు ఉన్నప్పటి షేక్ కన్నా కరెంటు లేనప్పటిదే బాగుండేదని నా అభిప్రాయం. చాలామంది అభిప్రాయం కూడా అదే. కొందరు కరెంటు పోయేదాకా బెంచీ మీద కూర్చుని మరీ తాగి వెళ్లేవారు.

స్ట్రాలు అంటే ఆయనకి గిట్టేది కాదు. ఎవరైనా అడిగితే ఇచ్చేవాడు గానీ మొహం ముడుచుకునేవాడు. "గొట్టంతో పీలిస్తే మూతికి అంటదు. మూతికి అంటకపోతే నువ్వు తాగేవని ఎవుడికి తెలుత్తాది?" అనేవాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి వాళ్లు సగం మంది ఆ కొట్టు దగ్గరే ఆగేవారు. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడలు, బైబిల్ చంకలో పెట్టుకున్న మగవాళ్లు, పిల్లలు, అందరికీ మీసాలే. పాస్టరు అయ్యగారికి అసలు మీసం మీద ఇంకో మీసం వచ్చేది.

ఆ కొట్టుకి ఒక ఆచారం ఉండేది. ఎవరో పెట్టింది కాదు, ఆయనే పెట్టుకున్నాడు. మా చర్చిలో ఎవరు బాప్తిస్మం తీసుకున్నా, శారదా నదిలో మునిగి లేచి, బట్టలు మార్చుకుని, తడి తలతో నేరుగా చిన్నాన్న కొట్టుకి రావాలి. వాళ్లకి ఒక పెద్ద గ్లాసు చాక్లెట్ మిల్క్‌షేక్ ఉత్తినే ఇచ్చేవాడు. దాన్ని అందరూ బాప్తిస్మం గ్లాసు అనేవారు. "కొత్త మనిషివయ్యేవు కదా, మొదటి గుక్క తియ్యగా ఉండాల" అని చేతికి ఇచ్చేవాడు. నేను మునిగిన రోజు ఏటి నీళ్లు చల్లగా ఉండి నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, అయినా ఆ చల్లటి గ్లాసు మొత్తం తాగాను. పిన్ని నా తల తుడుస్తూ, "దీనికి జొరం వత్తే మీదే పూచీ" అని ఆయన్ని తిట్టింది. జ్వరం వచ్చింది కూడా.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి.

అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను, ఆదివారాలు మా చర్చి సండే స్కూల్లో పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఊళ్లో నెట్ సెంటర్లు కొత్తగా తెరిచారు. మా యౌవనస్థుల కూడికలో ప్రతి శనివారం ఒకరు లేచి ఏదో ఒక మంచి విషయం మీద ఐదు నిమిషాలు మాట్లాడాలి. నా వంతు వచ్చింది. అందరూ దావీదు, యోసేపు అని మాట్లాడుతున్నారు, నేను కొత్తగా చెప్పాలనుకున్నాను. చిన్నాన్న కొట్టుకి గొప్ప వస్తుందని కూడా అనుకున్నాను, అది అబద్ధం కాదు. నెట్ సెంటర్లో గంటసేపు కూర్చుని మిల్క్‌షేక్ చరిత్ర వెతికి, రెండు పేజీలు ప్రింటు తీయించాను.

ముందు ఆయనకే చదివి వినిపించాను. చాక్లెట్ మొదట తినే వస్తువు కాదని, ఎక్కడో మెక్సికో వైపు జనం కోకో గింజలు నూరి, మిరపకాయ కూడా వేసి, చేదుగా తాగేవారని చెప్పాను. దాన్ని తినే బిళ్లగా కట్టడం చాలా వందల ఏళ్ల తర్వాతి సంగతి అన్నాను. "అద్దీ! తాగడానికే పుట్టిందన్నమాట" అని తొడ చరుచుకున్నాడు. అమెరికాలో మిల్క్‌షేక్ కొత్తలో చేత్తో ఊపేవారని, ఐస్‌క్రీమ్, కరెంటు మిషన్లు తర్వాత వచ్చాయని చెబితే మా పిన్నిని పిలిచి మళ్లీ చదివించుకున్నాడు. ఆ తర్వాత అసలు ముక్క వచ్చింది. మిల్క్‌షేక్ అన్న పేరు మొదట్లో పెద్దవాళ్లు తాగే ఒక పానీయానిది. అందులో గుడ్డు కొట్టి, విస్కీ పోసేవారు. తియ్యటి పాకాలతో పిల్లలు తాగేది ఆ తర్వాత వచ్చింది.

ఆయన నవ్వాడు. "గుడ్డూ విస్కీయా? అది తాగి ఎవుడు బతికేడే?" అన్నాడు. అంతలోనే నవ్వు ఆపి, గ్లాసు తుడుస్తూ, "ఒలే, ఆ ముక్క తీసీయే. మనవోళ్లు కంగారు మనుషులు" అన్నాడు.

"చరిత్రలో మనకి నచ్చనిది కత్తిరించకూడదు చిన్నాన్నా" అన్నాను. పందొమ్మిదేళ్లు నాకు. ఆ మాట ఎక్కడ చదివానో కూడా గుర్తులేదు.

ఏదీ కత్తిరించకుండా శనివారం మొత్తం చదివాను. విస్కీ దగ్గర గొంతు కొంచెం పెంచాను కూడా, జనం తలెత్తి చూస్తారని. చూశారు. చదవడం అయ్యాక వెనక నుంచి ఒకావిడ, "మరి ఇప్పుడు కూడా కలుపుతారేటి?" అని అడిగింది. కలపరు అంటే సరిపోయేది. నేను ప్రింటు కాగితం తిప్పి చూసుకుని, "కొన్ని చోట్ల ఇప్పటికీ కలుపుతారు" అన్నాను. తెలివైనదాన్ని కదా! సంఘపెద్దగారు మొదటి వరుసలో కూర్చుని ఉన్నారు. ఆయన ముగింపు ప్రార్థన మామూలు కన్నా చాలా పొడుగ్గా చేశారు.

మా చర్చిలో సారా ఎంత పెద్ద మాటో బయటివాళ్లకి తెలియదు. తాగుడు మానిపించడానికే ఆ సంఘంలో సగం కుటుంబాలు ఒకప్పుడు ఆ గడప తొక్కాయి. మొగుడు ఇక తాగనన్న మాట మీద కాపురాలు నిలబెట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లని ఈరోజు కూడా నేను తప్పుపట్టలేను. తర్వాతి ఆదివారం కొట్టు దగ్గర ఆగినవాళ్లు సగమయ్యారు. ఆ తర్వాతి ఆదివారం నలుగురు. ఒక తల్లి పిల్లాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి అవతలివైపు నుంచి నడిపించుకుపోవడం నేను కళ్లారా చూశాను.

మూడో వారం బాప్తిస్మాలు. ఐదుగురు. చిన్నాన్న పొద్దున్నే పాలు పగలగొట్టి, ఐదు పెద్ద గ్లాసులు నింపి బల్ల మీద వరసగా పెట్టాడు. నేనూ పిన్నీ అక్కడే ఉన్నాం. ఏటి నుంచి వచ్చే ఆటో దూరం నుంచే కనబడింది. లోపల తడి తలలు కూడా కనబడ్డాయి. ఆటో కొట్టు దగ్గర కొంచెం నెమ్మదించినట్టే అయ్యి, ఆగకుండా వెళ్లిపోయింది. అందులో ఒక అమ్మాయి మా వైపు చూసి తల దించుకుంది.

ఆయన నురగ దిగిపోయేదాకా ఆ గ్లాసులు అలాగే ఉంచాడు. తర్వాత ఒకటి తను తీసుకుని, ఒకటి నాకు, ఒకటి పిన్నికి ఇచ్చాడు. రెండు గుక్కలు తాగి, మూతి తుడుచుకోకుండానే, "బాగానే ఉన్నాది కదే?" అన్నాడు. నిజంగా సందేహం వచ్చినవాడిలా అడిగాడు.

ఆ తర్వాత నేను చేసినవన్నీ నిప్పు మీద నెయ్యి పోసిన పనులే. ఇంటింటికీ వెళ్లి, అది అమెరికా సంగతని, ఎప్పటిదోనని, మా చిన్నాన్న జన్మలో సారా ముట్టలేదని చెప్పాను. "అయ్యో, మేమేటన్నామమ్మా?" అనేవారు. టీ ఇచ్చేవారు. ఆదివారం మాత్రం రోడ్డుకి అవతలివైపు నుంచే నడిచేవారు. పెయింటర్‌కి చెప్పి బోర్డు రాయించాను: "మా మిల్క్‌షేక్‌లో గుడ్డు, మద్యం కలపబడవు." చిన్నాన్న వద్దన్నాడు, నేనే మేకు కొట్టించాను. అంతవరకు ఈ గొడవే తెలియని బెల్లం మార్కెట్ వాళ్లు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు ఆ బోర్డు చదివి, "ఏటి, ఇన్నాళ్లూ కలిపేవోరేటి?" అని అడగడం మొదలెట్టారు. కార్తీకమాసం వచ్చేసరికి వాళ్లూ పోయారు. బోర్డు తీయించేశాను. తీసేశాక, ఎందుకు తీసేశారని అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

ఊళ్లో కొత్త ఐస్‌క్రీమ్ పార్లర్లు వచ్చాయి. చిన్నాన్న కొట్టు సోడాల మీద, వాటర్ ప్యాకెట్ల మీద నడిచింది. అయినా రోజూ పొద్దున్న ఒక చిన్న గిన్నెడు పాకం కాచేవాడు. ఎవరూ అడగకపోతే సాయంత్రం పిన్నీ ఆయనా తాగేసేవారు. నేను క్షమాపణ అడుగుదామని ఎన్నిసార్లు వెళ్లానో. "చిన్నాన్నా, ఆ రోజు నేను..." అని నోరు తెరిచేసరికి మిక్సీ వేసేవాడు. ఖాళీ మిక్సీ కూడా వేశాడు ఒకసారి. ఆ గోల ఆగేసరికి, "బడెలా ఉన్నాది? పిల్లలు మాటింటన్నారా?" అని అడిగేవాడు. ఆయన దగ్గర నాకు ఎప్పుడూ వంతు రాలేదు.

పోయిన నెల కొట్లోనే కూలబడ్డాడు. పక్షవాతం. విశాఖపట్నం ఆసుపత్రిలో కుడివైపు పడిపోయి, మాట పోయి, ముక్కులోంచి గొట్టం వేయించుకుని పడుకున్నాడు. స్ట్రా ఇస్తేనే మొహం ముడుచుకునే మనిషి. మూడు గంటలకోసారి నర్సమ్మ సిరంజితో గొట్టంలోకి పాలు పోసేది. "ఇందులో కొంచెం కోకో కలపొచ్చా?" అని అడిగాను. ఆవిడ మంచిదే, నవ్వకుండా చెప్పింది. "గొట్టం తిన్నగా కడుపులోకి పోతాదమ్మా. నాలుకకి తెలీదు." ఆ పూట వరండాలోకి వచ్చి గోడకి తల ఆనించి ఏడ్చాను. నేను చేయగలిగినది ఇంకేదీ లేదు.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని మొదలుపెట్టాను. అక్కడ మిక్సీ లేదు. "చిన్నాన్నా, తీసీమన్న ముక్క తీయలేదు. తప్పు నాది" అన్నాను. ఆయన నన్ను చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. విన్నాడో, నిద్రపోయాడో, వినకూడదనే మూసుకున్నాడో తెలియదు. ఆ తర్వాత అయిదో రోజుకి పోయాడు.

ఆదరణ కూడిక పిన్ని ఇంటి ముందు షామియానా వేసి పెట్టారు. చర్చి అంతా వచ్చింది. ఆరేళ్లుగా ఆ కొట్టు గడప తొక్కనివాళ్లంతా కుర్చీలు చాలక నిలబడ్డారు. ఆయన గురించి సాక్ష్యం చెప్పమంటే లేచాను. కాగితం లేకుండానే చెప్పాను. చిన్నాన్న వద్దన్నాడని, నేను వినలేదని, "కొన్ని చోట్ల కలుపుతారు" అన్న మాట నా గొప్ప కోసం అన్నానని, ఆయన కొట్టుని నేనే పాడుచేశానని, ఆయన ఏ పాపం ఎరగడని అందరి ముందూ చెప్పాను. ఎవరైనా తిట్టాలని కోరుకున్నాను. అందరూ తలలు వంచుకున్నారు. ఎవరో కీర్తన ఎత్తుకున్నారు.

కూడిక అయ్యాక చెప్పుల దగ్గర సంఘపెద్దగారు నన్ను ఆపారు. ముసలాయన అయిపోయారు, చూపు కూడా సరిగ్గా ఆనదు.

"వొద్దన్నాడని సెప్పేవేటమ్మా? మాకలా సెప్పలేదే మీ చిన్నాన్న" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఆ బాప్తిస్మాల నాటి సాయంత్రం మా ఇంటికొచ్చేడు. ఆ కాయితం నేనే సదవమన్నాను, తప్పు నాది అన్నాడు. అప్పుడు నిన్ను సండే స్కూలు నుంచి తీసీయాలని మేం అనుకుంటన్నాం. అది తెలిసే వచ్చేడు. కొట్టుకి రండి అని ఒక్క ముక్క అనలేదు. పిల్లకి సెప్పడం బాగా వచ్చు, దాన్ని పిల్లల దగ్గర ఉండనియ్యండి అన్నాడు. నీకు సెప్పొద్దన్నాడు."

నేను ఈరోజు టీచర్‌ని. ఆ సండే స్కూల్లో పిల్లలకి చెప్పి చెప్పే అలవాటయింది నాకు ఈ పని. ఆరేళ్లూ ప్రతి ఆదివారం పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని, అబద్ధమాడకూడదని చెప్పాను.

"ఆయన ఎలాంటివాడో మీకందరికీ తెలిసి, మరెందుకు రాలేదు కొట్టుకి?" అన్నాను. గట్టిగానే అన్నాను. పెద్దాయనతో అలా మాట్లాడకూడదు.

"మొదట బయపడ్డాం తల్లీ. తర్వాత తెలిసింది, అందులో ఏటీ లేదని. అప్పటికి ఏడాది అయిపోనాది. ఏ మొహం పెట్టుకుని ఎల్లి గలాసడుగుతాం? రేపెల్దాం, రేపెల్దాం అనుకున్నాం" అన్నారు. ఆ తర్వాత వంగి చెప్పులు వెతుక్కోబోయారు. ఒకటే దొరికింది. వందమంది చెప్పులు కలగాపులగంగా పడి ఉన్నాయి. నేను వంగి, పక్క వరసలో బోర్లా పడ్డ రెండోది తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. ఆయన తూలకుండా నా భుజం మీద చెయ్యి వేసి కాలు దూర్చారు. చెప్పు తొడుక్కోవడం అయిపోయింది. జనం మా పక్కనుంచే వాళ్ల వాళ్ల చెప్పులు తొడుక్కుని వెళ్లిపోతున్నారు. ఆయన చెయ్యి నా భుజం మీద అలాగే ఉంది, తీయలేదు. నేనూ తీయమనలేదు.